పేరు మారితే ఫైళ్లు పోతాయా? క్లౌడ్‌లోని కంప్యూటర్ బ్యాకప్ ఫోల్డర్ల సంగతి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అందించే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి నల్లగొండలో నాకు తెలిసిన ఫొటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు, ఎరువుల దుకాణాలు ఒక్కొక్కటిగా పాత కంప్యూటర్లను ఫార్మాట్ చేయించుకుంటున్నాయి, లేదా కొత్తవి కొంటున్నాయి. దానితో పాటే ఒక చిన్న చిక్కు కూడా వచ్చిపడుతోంది. గూగుల్ డ్రైవ్ తెరిస్తే, కంప్యూటర్ల విభాగంలో ఇదివరకు ‘మై కంప్యూటర్’ అని ఒకటే ఉండేది, ఇప్పుడు దాని కింద ‘మై కంప్యూటర్ (1)’ అని మరొకటి కనబడుతోంది. రెండుసార్లు ఫార్మాట్ అయినచోట మూడోది కూడా ఉంటుంది.

క్లాక్ టవర్ దగ్గర స్టూడియో నడిపే మిత్రుడొకరు ఆ తెరను నాకు చూపించి అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, ఈ రెంట్ల మనది ఏది? పేరు మార్చుకుంటే పెండ్లి ఫొటోలు పోతయా?" మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. రెండోదానికి మాత్రం ‘పోవు’ అనీ చెప్పలేము, ‘పోతాయి’ అనీ చెప్పలేము. ఏ పేరు, ఎక్కడ మారుస్తున్నామన్న దాని మీద అది ఆధారపడి ఉంటుంది.

ముందుగా రెండు మాటలు: బ్యాకప్, సింక్

వాడుకలో ఈ రెండింటినీ ఒకే అర్థంలో వాడుతున్నాము, చిక్కంతా అక్కడే మొదలవుతోంది. బ్యాకప్ అంటే ఒకచోట ఉన్న దస్త్రానికి నకలు తీసి మరోచోట భద్రపరచడం. అసలు పోయినా నకలు ఉంటుంది, అసలును మార్చినంత మాత్రాన పాత నకలు మారదు. సింక్ అంటే రెండు చోట్ల ఉన్నవాటిని ఎల్లవేళలా ఒకేలా ఉంచడం. ఇక్కడ చేసిన మార్పు అక్కడ, అక్కడ చేసిన మార్పు ఇక్కడ కనబడుతుంది. తొలగించడమూ మార్పే, పేరు మార్చడమూ మార్పే.

గూగుల్ 2017లో తెచ్చిన ‘బ్యాకప్ అండ్ సింక్’ అనే సాఫ్ట్‌వేర్ ఈ రెండు మాటలనూ ఒకే పేరులో కలిపేసింది. 2021లో దాని స్థానంలో ‘డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్’ వచ్చింది. పేరులోంచి బ్యాకప్ అన్న మాట పోయింది గాని, జనం నోట మాత్రం అలాగే నిలిచిపోయింది. కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను దీనికి అప్పగిస్తే అది నిజానికి చేసేది రెండు వైపులా సింక్. ఫోన్‌లో డ్రైవ్ తెరిచి ఆ ఫోల్డర్‌లోని ఒక ఫైల్‌ను తీసేస్తే, స్టూడియోలోని కంప్యూటర్‌లోనూ అది కనబడకుండా పోతుంది. డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత అక్కడా ఉండదు.

పాలమూరు అని రాసినా ఉత్తరం ఎలా చేరుతుంది

మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో వచ్చింది. అంతకుముందు అది పాలమూరు, నేటికీ జనం నోట పాలమూరే. ఇప్పుడు ఒక కవరు మీద ‘పాలమూరు’ అని రాసి, కింద 509001 అని పిన్ కోడ్ వేస్తే ఉత్తరం చేరుతుంది. ‘మహబూబ్‌నగర్’ అని రాసినా అక్కడికే చేరుతుంది. తపాలా శాఖ 1972లో పిన్ కోడ్‌ను తేవడానికి ఒక కారణం ఇదే: ఒకే పేరుతో పది ఊళ్లున్నా, ఒకే ఊరికి రెండు పేర్లున్నా అంకె మాత్రం గందరగోళపడదు.

దీనికి భిన్నంగా, ఊరికి కొత్తగా వచ్చిన చుట్టానికి మనం దారి చెప్పే తీరు చూడండి. "జడ్చర్ల దాటినంక పెద్ద చౌరస్తా కాడ దిగు, ఎడమకు తిరుగు, రెండో గల్లీల నీలం గేటు ఇల్లు." ఆ గేటుకు ఎవరైనా ఎర్ర రంగు వేస్తే చుట్టం ఆ గల్లీలోనే తిరుగుతూ ఉంటాడు. ఇల్లు ఉన్నచోటే ఉంది, దారి చెప్పిన మాటే పనికిరాకుండా పోయింది.

కంప్యూటర్ ప్రపంచంలోనూ ఫైల్‌ను పట్టుకోవడానికి ఈ రెండు పద్ధతులే ఉన్నాయి. గూగుల్ డ్రైవ్ లోలోపల ప్రతి ఫైల్‌కూ, ప్రతి ఫోల్డర్‌కూ ఒక విడి గుర్తింపు సంకేతం ఇస్తుంది. మనకు కనబడే పేరు దాని మీద అంటించిన చీటీ మాత్రమే. అందుకే డ్రైవ్‌లో ఒకేచోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండగలవు, విండోస్‌లో ఉండలేవు. అందుకే పెళ్లివారికి వాట్సాప్‌లో పంపిన ఆల్బమ్ లింకు, తర్వాత ఆ ఫోల్డర్ పేరు మార్చినా పనిచేస్తూనే ఉంటుంది. మరోవైపు కంప్యూటర్‌లోని చాలా ప్రోగ్రాములు ఫైల్‌ను దారి ద్వారా వెతుకుతాయి: డి డ్రైవ్, అందులో ఫొటోలు, అందులో 2024, అందులో ఫలానా పెళ్లి. ఈ గొలుసులో ఒక్క పేరు మారినా అవి గల్లీలో నిలబడిన చుట్టంలా అయిపోతాయి.

కాబట్టి పేరు మార్చేముందు తేల్చుకోవలసింది ఒకటే: దీన్ని వెతుక్కుంటూ వచ్చేది అంకెతో వస్తుందా, పేరుతో వస్తుందా?

మూడు అంతస్తులు, మూడు రకాల ఫలితాలు

గూగుల్ డ్రైవ్‌లో కంప్యూటర్ల విభాగాన్ని మూడంతస్తుల ఇల్లు అనుకుంటే విషయం తేటపడుతుంది.

పై అంతస్తులో ఉన్నది కంప్యూటర్ పేరు, అంటే ‘మై కంప్యూటర్’ అన్న చీటీ. ఇది శుద్ధ చీటీయే. వెబ్‌లో డ్రైవ్ తెరిచి, దాని మీద కుడి క్లిక్ చేసి ‘స్టూడియో పాత కంప్యూటర్’ అని రాసుకున్నా సింక్ ఆగదు, ఫైళ్లు కదలవు, కంప్యూటర్‌లో ఏదీ మారదు. విండోస్ తనకు తాను పెట్టుకునే పేరు వేరే ఉంది. డెస్క్‌టాప్ అనే మాట, ఒక అడ్డగీత, ఆపైన అర్థంలేని ఏడు అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం 15. నెట్‌వర్క్ పేరుకు పాతకాలం నుంచి ఉన్న 15 అక్షరాల హద్దు వల్ల అది అక్కడ ఆగుతుంది. డ్రైవ్‌లోని చీటీని మార్చినా ఆ పేరు మారదు.

మధ్య అంతస్తులో మనం సింక్‌కు అప్పగించిన మూల ఫోల్డర్ ఉంటుంది. మిత్రుని విషయంలో అది డి డ్రైవ్‌లోని ‘ఫొటోస్’. జాగ్రత్త అవసరమైన చోటు ఇదే. సాఫ్ట్‌వేర్‌కు మనం అప్పగించింది ఒక దారిని. కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ పేరును ‘పెళ్లి ఫొటోలు’ అని మారిస్తే, డ్రైవ్ సాఫ్ట్‌వేర్ పాత దారిలో వెతికి, ఫోల్డర్ కనబడటం లేదని హెచ్చరిక చూపుతుంది. క్లౌడ్‌లో అప్పటికే ఉన్నవి ఉంటాయి, ఆ రోజు నుంచి తీసిన ఫొటోలు మాత్రం పైకి వెళ్లవు. ఆ హెచ్చరిక తెర మూలన చిన్న గుర్తుగా ఉంటుంది, పెళ్లిళ్ల సీజన్‌లో దాన్ని చూసే తీరిక ఎవరికీ ఉండదు. నష్టం పేరు మార్చిన రోజున జరగదు, ఆ తర్వాత నెలల తరబడి నిశ్శబ్దంగా పేరుకుంటుంది.

కింది అంతస్తు ఆ మూల ఫోల్డర్ లోపలివి. ఇక్కడ పేరు మార్పు రెండు వైపులా పాకుతుంది. కంప్యూటర్‌లో మారిస్తే క్లౌడ్‌లో మారుతుంది, ఫోన్‌లో మారిస్తే కంప్యూటర్‌లో మారుతుంది. విండోస్ కూడా లోపల ప్రతి ఫైల్‌కూ ఒక సంఖ్య ఉంచుకుంటుంది గనుక, ఇది కొత్త ఫోల్డర్ కాదు పాతదే అని సాఫ్ట్‌వేర్ పోల్చుకోగలదు. పేరు మార్చినందుకు 40 జీబీ మళ్లీ ఎక్కించవలసిన అవసరం రాదు. ఫైళ్ల మట్టుకు క్షేమమే. ప్రమాదమంతా ఆ ఫైళ్ల మీద ఆధారపడిన ఇతర ప్రోగ్రాములది.

మిర్యాలగూడ రైస్ మిల్లు లెక్క: 10000 అనే ఫోల్డర్

దీనికి ఒక ఉదాహరణను కొంచెం దగ్గరగా చూద్దాము. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గుమాస్తా ట్యాలీలో లెక్కలు రాస్తున్నాడని, ట్యాలీ డేటా ఫోల్డర్‌ను మిల్లు యజమాని క్లౌడ్‌కు సింక్ చేయించాడని అనుకుందాము. ట్యాలీ ఒక్కో కంపెనీ లెక్కలను అంకెల పేరున్న ఒక్కో ఫోల్డర్‌లో దాచుతుంది: 10000, 10001, 10002 ఇలా.

యజమాని ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని ఫోన్‌లో డ్రైవ్ తెరిచాడు. ఈ అంకెలు చూసి ఆయనకు ఏమీ అర్థం కాలేదు. 10000ను ‘మిల్లు లెక్కలు’ అని, 10001ని ‘ట్రాన్స్‌పోర్టు’ అని మార్చి, ఇప్పుడు శుభ్రంగా ఉందనుకున్నాడు. సోమవారం పొద్దున గుమాస్తా కంప్యూటర్ తెరవగానే సింక్ తన పని తాను చేసింది, అక్కడి పేర్లూ మారిపోయాయి. ట్యాలీ మాత్రం అంకెల పేర్లున్న ఫోల్డర్లనే కంపెనీలుగా గుర్తిస్తుంది. జాబితాలో రెండు కంపెనీలు లేవు. గుమాస్తా గుండె జారిపోయింది.

ఒక్క వోచరు కూడా పోలేదు. పేర్లను మళ్లీ 10000, 10001 అని మారిస్తే కంపెనీలు తిరిగి కనబడతాయి. కానీ ఈ సంగతి తెలియక, ఎవరో చెప్పారని ట్యాలీని తీసేసి మళ్లీ వేసి, ఖాళీ కంపెనీ సృష్టించి, అందులో కొత్త లెక్కలు రాయడం మొదలుపెడితే అప్పుడు మొదలవుతుంది అసలు చిక్కు. మొదటి తప్పు కంటే దాన్ని సరిచేయడానికి చేసిన పని ఎక్కువ నష్టం తెస్తుంది.

ఆల్బమ్ డిజైన్ చేసేవారికీ ఇదే అనుభవం వేరే రూపంలో ఎదురవుతుంది. పేజ్‌మేకర్‌లో పెట్టిన ఫొటోలైనా, ఫొటోషాప్‌లో లింకు చేసిన బొమ్మలైనా, లైట్‌రూమ్ కేటలాగ్ అయినా ఫైళ్లను దారి ద్వారా గుర్తుపెట్టుకుంటాయి. పూర్తయిన పెళ్లి ఫోల్డర్ పేరు మారిస్తే పెద్దగా నష్టం లేదు. సగంలో ఉన్న ఆల్బమ్ ఫోల్డర్ పేరు మారిస్తే ‘ఫైల్ దొరకలేదు’ అన్న సందేశం పేజీకొకటి చొప్పున పలకరిస్తుంది.

అన్ని క్లౌడ్‌లూ ఒకే తీరున పనిచేయవు

ఇంతవరకు చెప్పింది ఎక్కువగా గూగుల్ సంగతి. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ పద్ధతి వేరు. అందులో కంప్యూటర్‌కొక గది ఉండదు. బ్యాకప్ పెట్టగానే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అనే ఫోల్డర్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికే జరుగుతాయి. అదే ఖాతాతో రెండో కంప్యూటర్‌లోనూ బ్యాకప్ పెడితే రెండింటి డెస్క్‌టాప్‌లూ ఒకే కుప్పగా కలుస్తాయి. ఇక్కడ ‘ఏది నా కంప్యూటర్’ అన్న ప్రశ్న పుట్టదు, ‘ఈ ఫైల్ ఏ కంప్యూటర్ నుంచి వచ్చింది’ అన్నది పుడుతుంది. యాపిల్ ఐక్లౌడ్ మధ్యే మార్గం పట్టింది: రెండో మ్యాక్‌ను కలిపితే, దాని డెస్క్‌టాప్‌లోనివన్నీ ఆ మ్యాక్ పేరుతోనే ఒక ఫోల్డర్‌లో చేరతాయి.

సంస్థలు వాడే అమెజాన్ ఎస్3 లాంటి నిల్వలు మరో కోవకు చెందినవి. వాటిలో నిజానికి ఫోల్డర్లే లేవు. ‘ఫొటోలు/2024/దేవరకొండ/001’ అన్న మొత్తం పొడుగాటి పేరే ఒక్క ఫైల్ పేరు, మధ్యలోని గీతలను చూసి తెర మనకు ఫోల్డర్ల భ్రమ కలిగిస్తుంది. సాధారణ ఎస్3 బకెట్‌లో (అక్కడి నిల్వ గదికి ఆ పేరు) ‘2024’ను మార్చాలంటే, దాని కింద ఉన్నట్టు కనబడే ప్రతి ఫైల్‌నూ కొత్త పేరుతో నకలు తీసి, పాతదాన్ని తొలగించాలి. ఐదువేల ఫొటోలుంటే ఐదువేల నకళ్లు. ఇంటి గేటుకు రంగు మార్చడానికి ఇల్లే కూల్చి మళ్లీ కట్టినట్టు.

దారిని మాత్రమే పోల్చి చూసే కొన్ని నకలు ప్రోగ్రాములు కూడా ఇలాగే చేస్తాయి. ఉదాహరణకు ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రామును దాని మామూలు అమరికతో వాడి సింక్ చేస్తే, పేరు మారిన ఫోల్డర్‌ను ‘పాతది పోయింది, కొత్తది వచ్చింది’ అని లెక్కగట్టి, అవతలి పాతదాన్ని తీసేసి అంతా మళ్లీ ఎక్కిస్తుంది. పేరు మార్పును పసిగట్టే ఐచ్ఛికం అందులో ఉంది గాని, దాన్ని మనమే చెప్పి పెట్టాలి.

తెలుగులో పేరు పెట్టేవారికి అదనంగా కొన్ని సంగతులు

ఫోల్డర్ పేరు తెలుగులో ఉండాలా, ఇంగ్లిష్ లిపిలో ఉండాలా అన్న చర్చ డీటీపీ సెంటర్లలో తరచు వినబడుతుంది. అన్ని లిపుల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ వచ్చాక తెలుగులో పెట్టడానికి విండోస్‌లోగాని క్లౌడ్‌లోగాని అడ్డంకి లేదు. తెలుగు వద్దనేవారి వాదనలోనూ కొంత పస ఉంది.

మొదటిది పొడవు. ‘నల్లగొండ’ అన్న పేరు కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఎనిమిది సంకేతాలు, ఎందుకంటే ఒత్తు, గుణింతం, సున్న విడివిడిగా లెక్కకు వస్తాయి. ఆ సంకేతాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అంటే 24 బైట్లు. లైనక్స్ ఆధారిత నిల్వ పరికరాల్లో సాధారణంగా ఒక పేరుకు హద్దు 255 బైట్లు, తెలుగులో అది 85 సంకేతాలకే నిండుతుంది. విండోస్‌లోనైతే బైట్ల గొడవ లేదు గాని, చాలా ప్రోగ్రాములకు మొత్తం దారి 260 అక్షరాలు దాటకూడదన్న పాత హద్దు ఉంది. వధువు పేరు, వరుడి పేరు, ఫంక్షన్ హాలు, తేదీ అన్నీ ఒకే ఫోల్డర్ పేరులో ఇరికించే అలవాటున్నవారికి ఈ హద్దు త్వరగానే తగులుతుంది.

రెండోది, నా దృష్టిలో ఇదే ముఖ్యమైనది, వర్ణక్రమం. పెళ్లి, పెళ్ళి, పెండ్లి అని మూడు తీర్ల రాస్తాము, మనిషికి మూడూ ఒకటే. నల్గొండ, నల్లగొండ కూడా అంతే. కంప్యూటర్‌కు ఇవన్నీ వేర్వేరు మాటలు, ఒకదాన్ని వెతికితే మరొకటి దొరుకుతుందన్న భరోసా లేదు. దీనికి తోడు, పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి కీబోర్డులు చొప్పించే కంటికి కనబడని సంకేతం ఒకటుంది. అది ఉన్న పేరూ లేని పేరూ కొన్నిసార్లు చూడటానికి ఒకేలా ఉండి, రెండు వేర్వేరు ఫోల్డర్లుగా పక్కపక్కన కూర్చుంటాయి. ఇది తెలుగు లోపమని నేను అనను, ఒక స్టూడియోలో ఒకే వర్ణక్రమానికి కట్టుబడితే తీరిపోయే సమస్యే. కానీ ముగ్గురు కుర్రాళ్లు మూడు ఫోన్లలో టైపు చేసే చోట ఆ కట్టుబాటు ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే మాట.

తేదీల విషయంలో మాత్రం భిన్నాభిప్రాయానికి తావు తక్కువ. ‘15-03-2024’ అని రాస్తే అన్ని నెలల 15వ తేదీలూ ఒకచోట చేరతాయి, ‘2024-03-15’ అని రాస్తే కాలక్రమంలో వరుసగా నిలబడతాయి. తేదీల మధ్య ఏటవాలు గీత విండోస్‌లో చెల్లదు. నక్షత్రం గుర్తు, ప్రశ్నార్థకం, రెండు చుక్కలు కూడా అంతే. క్లౌడ్‌లో ఇవి పెట్టగలిగినా, కంప్యూటర్‌కు దిగే సమయంలో చిక్కు వస్తుంది.

ముట్టుకోవద్దనేవారు, మార్చాలనేవారు

యంత్రం పెట్టిన పేరును ముట్టుకోకూడదనే పక్షం ఒకటుంది. 2016 అక్టోబర్‌లో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి విడిపోయింది, కానీ 2010 నాటి వనపర్తి దస్తావేజులో జిల్లా మహబూబ్‌నగర్ అనే ఉంటుంది. దాన్ని ఎవరూ కొట్టివేసి రాయరు, ఎందుకంటే ఆ పేరు ఆనాటి సాక్ష్యం. అలాగే పాత బ్యాకప్‌లో పేర్లు మారిస్తే, రేపు ఏదైనా తిరిగి తెచ్చుకోవలసి వచ్చినప్పుడు అసలు దారి ఏదో తెలియదు. ట్యాలీ ఉదాహరణ ఈ వాదానికే బలం.

మార్చాలనేవారి మాటలోనూ న్యాయముంది. నాలుగు ‘మై కంప్యూటర్’లున్న చోట మనిషి పొరపాటున తొలగించేది వాడుకలో ఉన్నదాన్నే కావచ్చు. పేరు స్పష్టంగా ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. గమనిస్తే ఈ రెండు పక్షాలూ వేర్వేరు అంతస్తుల గురించి మాట్లాడుతున్నాయి. చీటీ మార్చమనేవారు పై అంతస్తు గురించి, ముట్టుకోవద్దనేవారు కింది అంతస్తు గురించి. నడిమి అంతస్తు గురించే ఇద్దరూ పెద్దగా పట్టించుకోరు, నేను చూసిన నష్టాలు ఎక్కువగా అక్కడివే.

మళ్లీ స్టూడియోకు

మిత్రుని ఖాతా 100 జీబీది. పాత విండోస్ నుంచి ఎక్కింది 62 జీబీ. ఫార్మాట్ చేసినప్పుడు డ్రైవ్ సాఫ్ట్‌వేర్ జ్ఞాపకాలన్నీ చెరిగిపోయాయి, మళ్లీ వేసినప్పుడు అది తాను కొత్త కంప్యూటర్‌లో ఉన్నాననుకుని ‘మై కంప్యూటర్ (1)’ తెరిచి, అవే ఫొటోలను మొదటి నుంచి ఎక్కించడం ప్రారంభించింది. రెండు నకళ్లు కలిస్తే 100 జీబీ దాటిపోతుంది. గూగుల్ రెండింటినీ విడివిడిగానే లెక్కిస్తుంది. 38 జీబీ దగ్గర ఎక్కింపు ఆగింది, స్థలమంతా జీమెయిల్‌తో ఉమ్మడి గనుక కొత్త మెయిళ్లు రావడమూ ఆగింది. ఆయన నాకు ఫోన్ చేసింది మెయిల్ రావడం లేదని.

ఏది బతికున్నదో తేల్చడానికి, కంప్యూటర్‌లోని సింక్ ఫోల్డర్‌లో ఒక పాత ఆల్బమ్ పేరు చివర చుక్కలాంటి చిన్న గీత చేర్చాము. రెండు నిమిషాల్లో ఆ గీత ‘మై కంప్యూటర్ (1)’లో కనబడింది, మొదటిదానిలో కనబడలేదు. మొదటిదానికి ఏ కంప్యూటర్‌తోనూ సంబంధం తెగిపోయిందన్నమాట. దానిలో ఏం మార్చినా క్లౌడ్‌లోనే ఉండిపోతుంది.

గీత తీసేసి, మొదటిదానికి ‘2025 ఫార్మాట్ ముందుది – ఆగిపోయింది’ అని, రెండోదానికి ‘స్టూడియో – నడుస్తున్నది’ అని చీటీలు మార్చాము. పాతదాన్ని ఆరోజు తొలగించలేదు. అందులో ఉండి కొత్త కంప్యూటర్‌లో లేని ఫోల్డర్లు పదకొండు తేలాయి, ఫార్మాట్ సమయంలో పోయాయని ఆయన అనుకున్న దేవరకొండ పెళ్లి కూడా వాటిలో ఉంది. వాటిని ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి దించుకున్నాక, వారం ఆగి, ‘ఆగిపోయింది’ అని రాసి ఉన్నదాన్ని ఆయనే తొలగించి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశారు. మరుసటి పొద్దున ఆగిన ఎక్కింపు 38 జీబీ నుంచి మళ్లీ కదిలింది.